యంత్రాల కబుర్లు: నాలుగో గేరు పడని ట్రక్కు

పోయిన నెల బావి పంపుకు వాషరు మార్చుకునే పద్ధతి వ్రాసినందుకు సోదరీమణుల వద్ద నుంచి మూడు ఉత్తరాలు వచ్చినవి. మూడింటిలోనూ ఒకటే కోరిక: తడి గ్రైండరు రాయి గురించి వ్రాయమని. వ్రాస్తాము. ఈ నెలకు మాత్రం క్షమించాలి. మన వాళ్ల పిల్లలు ఇంటికొకరు చొప్పున విదేశాల్లో ఉన్నారు గదా, వాళ్లలో కొందరికైనా పనికివచ్చే సంగతి ఒకటి మా ఇంటనే జరిగింది. అది వేడిగా ఉన్నప్పుడే చెప్పుకుంటే మంచిదనిపించింది.

2023 ఫిబ్రవరిలో ఒకనాటి తెల్లవారుజామున అమెరికాలోని టెక్సాస్ నుంచి మా అన్నగారి రెండో అబ్బాయి ఫోను చేశాడు. "బాబాయ్, ట్రక్కు నాలుగో గేరు పడడం లేదు. షెడ్డు వాళ్లు గేర్ బాక్సు మొత్తం మార్చాలంటున్నారు" అన్నాడు. గొంతులో బెంగ తెలుస్తూనే ఉన్నది.

ట్రక్కు అనగానే చదువరులు మన పది చక్రాల లారీని ఊహించుకోవద్దు. అమెరికాలో ముందు నలుగురు కూర్చునే గది, వెనుక తెరిచిన తొట్టి ఉన్న బండిని కూడా ట్రక్కు అనే అంటారు. మనవాడిది 1996 మోడలు. ఎవరి తయారీ అన్నది ఇక్కడ అనవసరం, ఈ రోగం ఏ కంపెనీ బండికైనా రావచ్చు. అతను, కోడలు కలిసి పెళ్లిళ్లకు, సీమంతాలకు వంటలు చేసి పంపుతారు. ఆ గిన్నెలు, పొయ్యిలు, సామాను వేసిన ట్రెయిలరును ఈ ట్రక్కే లాగాలి. అది ఆగితే శనివారం పెళ్లికి పులిహోర వెళ్లదు. షెడ్డు వారు చెప్పిన ఖర్చు నాలుగు వేల డాలర్లకు పైమాటే. సంగతి విని ఇక్కడ మా అన్నగారు ఫిక్సెడ్ డిపాజిట్ విరిచి పంపిస్తానని కూర్చున్నారు. అది వదినగారి మోకాలి ఆపరేషను కోసం దాచిన సొమ్ము.

"రెండు రోజులు ఆగు నాయనా, సంతకం పెట్టకు" అన్నాము.

ఆగమని చెప్పడానికి మాకేమి అర్హత అని అడగవచ్చు. పాత బండి భాగాలకు పేరుపొందిన చెన్నపట్నం పుదుప్పేట పక్క సందులో లారీ షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాము. అక్కడ మాకు తెలిసినవన్నీ చేత్తో వేసే గేర్లే. తనంతట తాను మారే గేర్ బాక్సును మేము విప్పినవి మొత్తం మీద మూడు. మిగిలినది పుస్తకాల చదువు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నామంటే, మేము చేసిన పొరపాటు కూడా ఇందులో ఒకటి ఉన్నది.

ముందు ఆ నాలుగో గేరు అంటే ఏమిటో చూద్దాం. మామూలు బండిలో పై గేరుకు వెళితే ఇంజను ఒక చుట్టు తిరిగితే వెనుకకు పోయే షాఫ్టు కూడా ఒక చుట్టు తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ అంటే దానికీ పైమెట్టు. మనవాడి గేర్ బాక్సులో దాని నిష్పత్తి 0.69. అనగా షాఫ్టు నూరు చుట్లు తిరగడానికి ఇంజను అరవై తొమ్మిది తిరిగితే చాలు. గంటకు 60 మైళ్లు, మన లెక్కలో 96 కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో ఇంజను నిమిషానికి 2,750 చుట్లు తిరుగుతుంటే, నాలుగో గేరు పడగానే 1,900కు దిగుతుంది. మోత తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది, ఇంజను అరుగుదల తగ్గుతుంది. 1973లో చమురు సంక్షోభం వచ్చిన తరువాత అమెరికా కంపెనీలన్నీ వరసగా ఈ నాలుగో మెట్టును ఆటోమేటిక్ గేర్ బాక్సులలో చేర్చడం ఇందుకే. ఫోర్డు వారిది 1980లోను, జనరల్ మోటార్స్ వారి 700ఆర్4 అనేది 1982లోను వచ్చినవి.

దాని లోపలి ఏర్పాటు చూస్తే నవగ్రహ మంటపం గుర్తుకు వస్తుంది. నడుమ ఒక పళ్లచక్రం, దాన్ని సూర్యుడనే అంటారు. చుట్టూ తిరిగేవి గ్రహాలు, వాటిని మోసే చట్రం ఒకటి. అన్నింటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న పెద్ద కంకణం. సూర్యుణ్ణి కంకణంతో కలిపి బిగిస్తే మొత్తం ఒకే ముద్దగా తిరుగుతుంది, అది మూడో గేరు. సూర్యుణ్ణి కదలకుండా పట్టి ఆపి, గ్రహాల చట్రాన్ని ఇంజను తిప్పితే కంకణం ఇంకా వేగంగా తిరుగుతుంది, అది ఓవర్‌డ్రైవ్. ఈ పట్టుకోవడం, విడవడం చేసేవి క్లచ్చు బిళ్లలు. మనవాడి రకం బాక్సులో మూడో గేరు క్లచ్చును ఒక బలమైన స్ప్రింగు ఎప్పుడూ అదిమి ఉంచుతుంది. దాని తోపు ఎనిమిది వందల పౌన్లు, అనగా 360 కిలోల పైచిలుకు. ఆయిలు ఒత్తిడి ఆ స్ప్రింగును వెనక్కు నెట్టితేనే నాలుగోది పడుతుంది. ఆయిలుకు దారి తెరిచేది ఒక చిన్న సొలెనాయిడ్, అంటే తీగచుట్ట అయస్కాంతం. దాన్ని ఎప్పుడు పని చేయించాలో బండిలోని కంప్యూటరు చెబుతుంది. సొలెనాయిడ్‌కు ఒక పక్క బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వచ్చి ఉంటుంది. రెండో పక్క తీగను కంప్యూటరు ఎర్తు చేసినప్పుడు పని మొదలు. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి, కథంతా దాని మీదనే నడుస్తుంది.

మొదట అడిగినది, పోయినది నిజంగా నాలుగో గేరేనా అని. ఇందులో చాలామంది పొరబడతారు. ఇంజనుకు, గేర్ బాక్సుకు నడుమ టార్క్ కన్వర్టరు ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లు అనుకోండి, గాలికి బదులు ఆయిలు. ఒకటి తిరిగితే రెండోది తిరుగుతుంది, కాని కాస్త వెనుకబడి. వేగం నిలకడ అయ్యాక ఆ రెండింటినీ కలిపి బిగించే లాకప్ అనే క్లచ్చు ఒకటి ఉంటుంది. అది పడినప్పుడు కూడా ఇంజను చుట్లు రెండు మూడు వందలు తగ్గి, గేరు మారినట్లే తోస్తుంది. నాలుగో గేరైతే చుట్లు మూడోవంతు దాకా పడిపోవాలి. పరీక్ష సులువు. సమంగా పోతున్నప్పుడు డ్యాష్ మీది ఓవర్‌డ్రైవ్ బొత్తాము నొక్కి ముల్లు చూడాలి. నొక్కితే బొత్తాము దీపం వెలిగి ఓవర్‌డ్రైవ్ రద్దవుతుంది, ఇంజను మోత పెరగాలి. మనవాడు నొక్కితే దీపం వెలిగింది, ముల్లు కదలలేదు. అంటే బొత్తాము బాగానే ఉన్నది, నాలుగో గేరు మాత్రం ముందే లేదు.

రెండవది ఆయిలు. ఇక్కడే మా పొరపాటు. "ఇంజను వేడెక్కాక పార్కులో పెట్టి, నడుస్తుండగా డిప్ స్టిక్కు తీసి చూడు" అన్నాము. చాలా బండ్లకు అదే పద్ధతి. మనవాడు చూశాడు, గీత దాకా ఉన్నదన్నాడు, మేము సంతోషించాము. మూడో రోజు రాత్రి నిద్ర పట్టక పాత పుస్తకం తిరగేస్తుంటే కనిపించింది: ఆ తయారీదారు బాక్సును న్యూట్రల్‌లో ఉంచి, చేతి బ్రేకు వేసి చూడాలి. పార్కులో కన్వర్టరుకు ఆయిలు పోదు, అందువలన మట్టం లేనిపోనిది చూపుతుంది. గబగబా ఫోను చేసి మళ్లీ చూడమన్నాము. ఒక క్వార్టు, అంటే లీటరుకు కాస్త తక్కువ, లోటు తేలింది. అడుగు ట్రే గాస్కెట్టు చెమరుస్తున్నది. ఈ మధ్యలో ఆ మూడు రోజులూ పాపం ట్రెయిలరు కట్టి మూడో గేరులోనే రెండు ట్రిప్పులు వేశాడు. ఎర్రగా ఉండవలసిన ఆయిలు కాస్త గోధుమరంగుకు తిరిగింది. మాడు వాసన మాత్రం లేదు, అదృష్టం. ఆయిలు, ఫిల్టరు, గాస్కెట్టు మార్చిన ఖర్చు మా ఖాతాలో వ్రాసుకోమన్నాము. ఊరుకోండి బాబాయ్ అని నవ్వేశాడు.

మీ పిల్లలకు చెప్పండి: ఆయిలు చూసే పద్ధతి ఏ బండిది ఆ బండికే. ఆయిలు రకం కూడా అంతే. డెక్స్‌రాన్ జనరల్ మోటార్స్ వారిది, మెర్కాన్ ఫోర్డు వారిది. తయారీదారు కోరిన రకం ఒకటి ఉండగా, అన్నీ ఎర్రగానే ఉన్నవి గదా అని ఏదో ఒకటి పోస్తే క్లచ్చులు వణకడం, జారడం మొదలవుతుంది.

ఇక షెడ్డు వారు చెప్పిన రోగం. అమెరికాలో 1996 మోడలు నుంచి కార్లలో, చిన్న ట్రక్కులలో లోపాన్ని అంకెలలో చెప్పే ఏర్పాటు తప్పనిసరి చేశారు. యంత్రం తగిలిస్తే కోడు వస్తుంది. మనవాడి బండిలో వచ్చినది పి-0753. షిఫ్ట్ సొలెనాయిడ్ విద్యుత్ మార్గంలో లోపం అని దాని అర్థం. సొలెనాయిడ్ గేర్ బాక్సు కడుపులో ఉంటుంది, బండి పాతది, విప్పడం కన్నా మొత్తం మార్చడం మేలు అని షెడ్డు వారి తర్కం. మోసం అనలేము, తొందర అనవచ్చు. ఆ కోడు వీధి పేరు చెప్పింది గాని ఇంటి నంబరు చెప్పలేదు. మార్గం అన్నప్పుడు కంప్యూటరు, అక్కడి నుంచి బాక్సు దాకా తీగ, నడుమ ఉన్న కనెక్టర్లు, రిలే, చివరకు సొలెనాయిడ్ అన్నీ అందులోకే వస్తవి.

అసలు ఆచూకీ ఇచ్చినది మా కోడలు. వీడియోలో మనవాడు ఏదో చెబుతుంటే వెనుక నుంచి, "మామయ్యగారూ, మొదట్లో రైలు పట్టాలు దాటినప్పుడల్లా పోయేది. తరువాత మళ్లీ వచ్చేది. క్రిస్మస్ దాటాక ఇక రానే లేదు" అన్నది. మూడు రోజులుగా ఇది ఎవరూ ఆమెను అడగలేదు, మాతో సహా.

ఆ మాటలో ఎంత ఉన్నదో చూడండి. క్లచ్చు బిళ్లలు మాడిపోతుంటే నాలుగో గేరు జారుతుంది. బరువు లాగుతున్నప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు, ఆయిలు కాగినప్పుడు ముల్లు నెమ్మదిగా పైకి పోతుంది, బండి మాత్రం వేగం పుంజుకోదు. అంతకు ముందు కొన్నాళ్లుగా ఆయిలు మాడిన వాసన వేస్తుంది, ట్రేలో నల్లటి పొడి చేరుతుంది. అలా కాక గతుకు తగలగానే టక్కున మూడోదానికి దిగి, కాసేపటికి టక్కున తిరిగి వస్తే అది జారడం కాదు, వదిలేయడం. గతుకులకు బిళ్లలు పాడుకావు, తీగలు పాడవుతవి.

అంతటితో నమ్మేస్తే మేము షెడ్డు వారి కన్నా ఏం నయం? రుజువు కావాలి. బాక్సు పక్కనే కనెక్టరు దగ్గర, సొలెనాయిడ్ నుంచి కంప్యూటరుకు పోయే తీగ ఏదో సర్వీసు పుస్తకంలోని పటం చూసి గుర్తుపట్టమన్నాము. కోడు చెరిపించి, ఆ తీగకు ఒక పొడుగాటి తీగ తగిలించి, వేడి గొట్టానికి, తిరిగే షాఫ్టుకు తగలకుండా కట్టి, కిటికీలోంచి లోపలికి తెచ్చారు. ఆదివారం ఉదయం ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద గంటకు 45 మైళ్ల వేగంలో, మూడో గేరు నిలకడగా ఉండగా, పక్కన కూర్చున్న కోడలు ఆ తీగ కొనను సీటు కింది బోల్టుకు తాకించింది. నడిపేవాడు రోడ్డు మీద నుంచి కన్ను తిప్పకూడదని, ముల్లు ఆమే చూడాలని ముందే షరతు పెట్టాము. ఒక ఒంటరి మనిషి ఈ పరీక్ష చేయకూడదు. పటం సరిగా చదవకుండా కరెంటు వచ్చే తీగను ఎర్తు చేస్తే ఫ్యూజు పోతుంది. ఇంకేదో తీగను ముట్టుకుంటే కంప్యూటరుకే ముప్పు.

"పడింది మామయ్యగారూ, పడింది!" అని మెసేజిలో ఆమె గొంతు వినిపించినప్పుడు మేము సంధ్యకు కూర్చోబోతున్నాము. చుట్లు అమాంతం తగ్గినవి. తీగ తీస్తే మళ్లీ పెరిగినవి. మూడుసార్లు చేసి చూశారు, మూడుసార్లూ అంతే. దీనితో సొలెనాయిడ్, వాల్వులు, ఆయిలు ఒత్తిడి, నాలుగో గేరు క్లచ్చు అన్నీ ఒక్క దెబ్బన నిర్దోషులని తేలినవి. నాలుగు వేల డాలర్ల బాక్సులో తప్పు లేదు.

మిగిలినది బండి నిలబెట్టి చేసే పని. తాళం తిప్పి ఉంచి, మల్టీమీటరుతో అదే తీగను బాక్సు దగ్గర కొలిస్తే 12 వోల్టులు. సొలెనాయిడ్ చుట్ట గుండా వచ్చిన కరెంటు అది. అదే తీగను కంప్యూటరు దగ్గర కొలిస్తే సున్నా. ఆ గట్టున నీళ్లు ఉండి ఈ గట్టుకు రాలేదంటే కాలువ ఎక్కడో తెగింది. తీగల కట్ట వెంట చేయి పోనిస్తూ పోతే, గేర్ బాక్సు మెడ పైన ఒక ఇనుప పట్టీ దగ్గర దొరికింది. కట్టను పట్టి ఉంచే క్లిప్పు ఎప్పుడో విరిగిపోయింది. ఏళ్ల తరబడి కట్ట ఆ పట్టీ అంచుకు రాసుకుని, ఒక తీగ తోలు ఊడి, లోపలి రాగి పచ్చబడి, చివరకు తెగింది. పక్క తీగకు కూడా తోలు పలచబడి ఉన్నది. మరి నాలుగు నెలలు పోతే అదీ తెగేది.

బాగుచేయడం గురించి ఒక్కమాట. బ్యాటరీ తీగ ఊడదీసి, పచ్చబడిన రాగిని పూర్తిగా కోసేసి, మెరిసే రాగి కనబడే దాకా వెనక్కు పోవాలి. పొట్టి పడితే అదే లావు తీగ ముక్క అతకాలి. మెలిపెట్టి టేపు చుట్టితే అది మళ్లీ వచ్చే ఏడాది పనే. టంకం పెట్టి, వేడి చేస్తే బిగుసుకునే గొట్టం తొడిగి, పైన మందపు తొడుగు వేసి, కొత్త క్లిప్పుతో ఆ అంచుకు దూరంగా కట్టాలి. మనవాడికి తీగ, తొడుగు, క్లిప్పు అన్నీ కలిసి ఇరవై డాలర్ల లోపే అయినవి. వదినగారి మోకాలు అదే ఏడాది జూన్‌లో అయింది. ఇప్పుడు మేడ మెట్లు ఎక్కుతున్నారు.

తీగ ఎర్తు చేసినా నాలుగోది పడకపోతే ఏమిటని కొందరు అడుగుతారు. అప్పుడు లోపమున్నది బాక్సులోనే. అయినా మొత్తం మార్చాలని కాదు. ఆ రకంలో సొలెనాయిడ్ ట్రే విప్పితే అందుతుంది, బాక్సు దించనక్కరలేదు. అదే పోయినదైతే చుట్ట కొలిస్తే తెలుస్తుంది. తెగితే మీటరు ఏమీ చూపదు, లోపల కలిసిపోతే సున్నాకు దగ్గరగా చూపుతుంది. ట్రేలో నల్లపొడి, లోహపు ముక్కలు ఉంటే క్లచ్చు బిళ్లల వంతు. ఓవర్‌డ్రైవ్ భాగం వెనుక వేరే పెట్టెలో ఉంటుంది కనుక దాన్ని ఒక్కదాన్ని విడదీయవచ్చు. అయితే ఇక్కడ మా మాట కటువుగానే ఉంటుంది. పైన చెప్పిన ఎనిమిది వందల పౌన్ల స్ప్రింగు ఆ భాగంలోనే, ఒక రింగు ఆపితే ఆగి ఉన్నది. హైడ్రాలిక్ ప్రెస్సు కింద పెట్టి అదమకుండా ఆ రింగు ఊడదీస్తే స్ప్రింగు మనిషి మొహం మీదికి లేస్తుంది. పుదుప్పేటలో ఇంతకన్నా చాలా చిన్న స్ప్రింగు ఒక కుర్రవాడి కన్ను తీయడం మేము చూశాము. వీడియోలు చూసి ఇంట్లో చేసే పని కాదిది. ప్రెస్సు ఉన్న చోటికి తీసుకుపోవాలి.

ట్రెయిలరు లాగే వారికి మరొక మాట. ఎత్తుపల్లాల దారిలో బాక్సు మూడుకూ నాలుగుకూ మధ్య ఊగిసలాడుతుంటే డ్యాష్ మీది బొత్తాము నొక్కి ఓవర్‌డ్రైవ్ తీసేయాలి. ప్రతి ఊగిసలాటకూ బిళ్లలు రాసుకుని ఆయిలు కాగుతుంది. కాగిన ఆయిలు ఆయుష్షు తగ్గినకొద్దీ బాక్సు ఆయుష్షు తగ్గుతుంది. నాలుగో గేరు రానందుకు ఏడ్చిన మనవాడికి, వచ్చాక కొన్నిచోట్ల వాడవద్దని చెప్పవలసి వచ్చింది. అది విని కోడలు నవ్వింది.

మన దేశంలోని పాఠకులకు ఒక తేడా చెప్పాలి. 2014లో మారుతి సెలేరియోతో మొదలై ఇక్కడ బాగా వ్యాపించిన ఏఎంటీ బండ్లు ఈ జాతివి కావు. వాటి లోపల ఉన్నది మామూలు గేర్ బాక్సూ, మామూలు క్లచ్చే. వాటిని కదిపే చెయ్యి మాత్రం యంత్రానిది. కన్వర్టరు లేదు, పైన చెప్పిన ఆయిలు పరీక్ష వాటికి వర్తించదు. కాని గతుకుకు పోయి గతుకుకు వచ్చే లోపం ఏ బండిలో కనిపించినా ముందు తీగల కట్ట చూడమనండి.

గడిచిన దసరాకు మనవాడి స్నేహితుడొకడు ఇక్కడికి వస్తూ ఒక కవరు తెచ్చి ఇచ్చాడు. అందులో రెండంగుళాల తీగ ముక్క ఉన్నది, ఒక చివర పచ్చగా. మా ఇంటావిడ దాన్ని చెత్త అనుకుని రెండుసార్లు పారేయబోయింది. ప్రస్తుతం మా కళ్లజోడు పెట్టెలో ఉన్నది.

వచ్చే నెల తప్పకుండా గ్రైండరు రాయి. రాయి అరిగినదా, బెల్టు జారుతున్నదా అన్నది మీరు చూసి ఉంచండి. రుబ్బుతున్నప్పుడు వాసన వస్తున్నదా లేదా అన్నది కూడా ఉత్తరంలో వ్రాయండి.